క్రిస్ బార్నార్డ్: పాలకుల భాషలో ఒక నాటకకర్త

పరిచయం

దక్షిణాఫ్రికాలోని జాతివివక్ష పాలనను (అపార్థైడ్‌ను) చట్టాలు, తీర్పులు, ఉద్యమాల ఆధారంగా చదవడం మనకు అలవాటు. ఆ పాలనలో మామూలు మనుషులు ఏం విన్నారు, ఏం చూశారు, ఏం ఊహించుకున్నారు అన్నది తెలియాలంటే నాటకాలు, సినిమాలు కూడా చారిత్రక ఆధారాలే. ఈ దృష్టితో ఆఫ్రికాన్స్ నాటకకర్త, సినీ రచయిత క్రిస్ బార్నార్డ్ (1939–2015) కృషిని ఇక్కడ పరిశీలిద్దాం. 1967లో ప్రపంచంలోనే తొలిసారిగా ఒక మనిషి గుండెను మరో మనిషికి అమర్చిన శస్త్రవైద్యుడి పేరు కూడా ఇదే. ఇద్దరూ వేర్వేరు వ్యక్తులని గుర్తుంచుకోండి.

మన ముందున్న ప్రశ్న ఇది: ఒక భాష పాలకుల చేతిలో ఆయుధమైనప్పుడు, అది మాతృభాషగా గల రచయిత ఆ భాషలో ఏం చెప్పగలడు? ఎవరికి చెప్పగలడు?

భాష – రాజ్యం

17వ శతాబ్దంలో కేప్ ప్రాంతానికి వచ్చిన డచ్చివారి భాషే ఆఫ్రికాన్స్‌కు మూలం. స్థానిక ఖోయ్ ప్రజలు, ఆసియా నుంచి తెచ్చిన బానిసలు దాన్ని మాట్లాడుతూ మార్చారు. అంటే పుట్టుకలో అది ఒక్క తెల్లవారి భాష కాదు. 1925లో దానికి అధికార హోదా దక్కింది. 1948లో నేషనల్ పార్టీ అధికారంలోకి వచ్చాక అది పాలకుల భాషగా, పోలీసుల భాషగా నల్లజాతివారి మనసుల్లో ముద్రపడింది. 1976 జూన్ 16న సొవెటో విద్యార్థులు వీధుల్లోకి రావడానికి తక్షణ కారణం పాఠశాలల్లో ఆఫ్రికాన్స్‌ను బోధనాభాషగా రుద్దడమే.

ప్రసార సాధనాలు కూడా రాజ్యం చేతిలోనే ఉండేవి. దక్షిణాఫ్రికా ప్రసార సంస్థ 1936లో ఏర్పడింది. టెలివిజన్‌ను మాత్రం ప్రభుత్వం చాలాకాలం రానివ్వలేదు. దేశవ్యాప్త ప్రసారాలు 1976 జనవరి 5న గానీ మొదలుకాలేదు. కాబట్టి 1960లలో కలం పట్టిన ఆఫ్రికాన్స్ నాటకకర్తకు రేడియోయే అతి పెద్ద ప్రేక్షకశాల.

రేడియో నాటకం

బార్నార్డ్ నెల్‌స్ప్రూట్ ప్రాంతంలో పుట్టి, ప్రిటోరియా విశ్వవిద్యాలయంలో చదివాడు. పత్రికల్లో పనిచేశాడు. 1961లో తొలి నవల ప్రచురించాడు. ఆంద్రే బ్రింక్, బ్రైటెన్ బ్రైటెన్‌బాఖ్, ఎత్యెన్ లెరూ వంటి రచయితలతో పాటు అతన్ని కూడా 'సెస్టిగర్లు' అనే 1960ల తరంలో చేరుస్తారు. పల్లె జీవితం, పొలం, కరువు చుట్టూ తిరుగుతున్న ఆఫ్రికాన్స్ సాహిత్యాన్ని నగరానికి, ఆధునిక ఐరోపా ధోరణులకు దగ్గర చేసినవారు వీరు.

అతని నాటకాల్లో పేరు పొందినది 'లాఫ్రాస్ ఫెర్వే తిరుగుబాటు'. 1971లో అచ్చయిన ఈ రేడియో నాటకంలో కథానాయకుడు ఒక చిన్న ప్రభుత్వ గుమాస్తా. ఆఫీసులో అతన్ని లెక్కచేసేవారు లేరు. తాను ఒక రహస్య విప్లవంలో సైనికుణ్ణని అతను నమ్ముతాడు. నిజానికి స్మగ్లర్లు అతని అమాయకత్వాన్ని వాడుకుంటుంటారు. రంగస్థలం మీదైతే ఏది నిజం, ఏది భ్రమ అన్నది కంటికి తెలిసిపోయే అవకాశం ఉంది. రేడియోలో రెండూ శబ్దాలే. అందువల్ల శ్రోత గుమాస్తా తలలోనే కూర్చుంటాడు. తెల్లవారి కోసం నడిచిన రాజ్యంలో కూడా ఒక తెల్ల గుమాస్తాకు గౌరవం పగటికలలోనే దొరికిందన్న విషయాన్ని మీరు గమనించాలి.

వెండితెర: ఫీలా కథ

బార్నార్డ్ సినీ జీవితం అతని భార్య, దర్శకురాలు కటింకా హేన్స్‌తో ముడిపడి ఉంది. డాలీన్ మథీ నవల ఆధారంగా అతను స్క్రీన్‌ప్లే రాయగా, ఆమె 1988లో 'ఫీలా బిడ్డ' చిత్రాన్ని తీసింది. కథాకాలం 19వ శతాబ్దం. ఫీలా 'కలర్డ్' (మిశ్రమజాతి) స్త్రీ. తన గుమ్మంలో దొరికిన తెల్లపిల్లవాణ్ణి కన్నకొడుకులా పెంచుతుంది. జనాభా లెక్కల అధికారులు వచ్చి, ఆ ఇంట్లో తెల్లబిడ్డ ఉండటానికి వీల్లేదని నిర్ణయిస్తారు. ఏళ్ళ క్రితం అడవిలో బిడ్డ తప్పిపోయిన ఒక తెల్ల కుటుంబానికి అతన్ని అప్పగిస్తారు.

ఈ చిత్రం విడుదలైన సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోండి. ప్రతి మనిషినీ జాతుల వారీగా నమోదు చేసిన 1950 నాటి జనాభా నమోదు చట్టం అప్పటికి ఇంకా అమలులో ఉంది. దాని రద్దు 1991లో జరిగింది. 1860 నుంచి నాటాల్ చెరకు తోటలకు వెళ్ళిన తెలుగు కూలీల వారసులకు కూడా ఆ విధానం కిందనే జాతిముద్ర పడింది. అంటే 1988 నాటి ప్రేక్షకుడు చూసింది పాతకథే అయినా, ఆ లెక్కల అధికారి అతనికి కొత్తవాడు కాదు. తల్లి ఎవరో తేల్చే హక్కు రిజిస్టరుకు ఉందా అన్న ప్రశ్నను ఈ సినిమా ఆఫ్రికాన్స్‌లోనే, ఆ చట్టం చేసినవారి భాషలోనే అడిగింది.

తర్వాతి కృషి

1994లో ప్రజాస్వామ్యం వచ్చింది. 1996 రాజ్యాంగం 11 అధికార భాషలను గుర్తించింది. వాటిలో ఆఫ్రికాన్స్ ఒకటి మాత్రమే. ఈ మారిన వాతావరణంలో వచ్చిన బార్నార్డ్–హేన్స్ చిత్రం 'పాల్యాస్'. కరూ ప్రాంతంలో ఒక మారుమూల రైల్వే స్టేషన్, మాటలు మానేసిన పిల్లవాడు, దారితప్పి వచ్చిన సర్కస్ బృందం నుంచి అక్కడే ఉండిపోయిన విదూషకుడు ఇందులో ఉంటారు. పిల్లవాడు తేరుకుంటుంటే ఊరివారికి మాత్రం బయటివాడి మీద అనుమానం పెరుగుతుంది. ఈ చిత్రాన్ని దక్షిణాఫ్రికా ఆస్కార్ విదేశీ భాషా చిత్రాల విభాగానికి పంపింది. 2012 నాటి 'ది వండర్‌వర్కర్' కవి, ప్రకృతి పరిశీలకుడు యూజీన్ మరైస్ జీవితంలోని ఒక ఘట్టం ఆధారంగా వచ్చింది.

మూల్యాంకనం

1974లో నిషేధానికి గురైన నవల రాసిన బ్రింక్, 1975లో జైలుపాలైన బ్రైటెన్‌బాఖ్ చరిత్ర పుస్తకాల్లో సులువుగా కనిపిస్తారు. బార్నార్డ్ మార్గం వేరు. అతను వ్యవస్థ ఇచ్చిన మాధ్యమాల్లోనే పనిచేస్తూ, ఆ వ్యవస్థ లెక్కలకు అందని మనుషుల కథలు చెప్పాడు.

దీనికి పరిమితి కూడా ఉంది. ఫీలా పాత్రను షలీన్ సుర్టీ-రిచర్డ్స్ అనే కలర్డ్ నటి గొప్పగా పోషించింది. కానీ నవల, స్క్రీన్‌ప్లే, దర్శకత్వం మూడూ తెల్లవారివే. కలర్డ్ ప్రజల ఆఫ్రికాన్స్ వాడుకలో వారి బాధను చెప్పిన నాటకం కావాలంటే ఆడం స్మాల్ 1965లో రాసిన 'కానా ఇంటికి వస్తాడు' చదవాలి. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదివితే, ఆఫ్రికాన్స్ పాలకుల సొత్తు ఎన్నడూ కాలేదని అర్థమవుతుంది. ఒక భాష ఎవరిదన్నది ప్రభుత్వ ఉత్తర్వు ఒక్కటే తేల్చలేదు. ఆ భాషలో ఎవరి కథలు చెబుతున్నారు, ఎవరు చెబుతున్నారు అన్నవి కూడా చూడాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1976కు ముందు ఆఫ్రికాన్స్ నాటకకర్తలకు రేడియో ఎందుకు ముఖ్యమైంది?
2. 'ఫీలా బిడ్డ' చిత్రాన్ని జనాభా నమోదు చట్టం నేపథ్యంలో చర్చించండి.
3. నాటకాలను, సినిమాలను చారిత్రక ఆధారాలుగా వాడేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలేమిటి? బార్నార్డ్, స్మాల్ రచనలను ఉదాహరణగా తీసుకొని రాయండి.