కట్టెల తగువు

ఇలా చలిమంట దగ్గరికి జరుగు నాన్నా. ఆ ఫోను పక్కన పెట్టు, ఎక్కడికీ పారిపోదులే. ఇంకో రెండు పుల్లలు వెయ్యి. కట్టెలకి మనకేం కొదవ లేదు. కట్టెల దగ్గర మాటామాటా పెరిగి ఒక ఊరికి ఊరే అల్లాడిపోయిన ముచ్చట చెప్తాను, విను. నువ్వు చదువుకునే బోస్టన్‌కి పదహారు మైళ్ల దూరంలోనే జరిగింది. నీకు తెలిసుండాలి, కానీ మీ పిల్లలకి పక్క వీధి సంగతే తెలియదాయె.

ఊరి పేరు సేలం. మామిడిపళ్ల సేలం అనుకునేవు, అది తమిళనాట ఉంది. ఇది మసాచుసెట్స్‌లో, ఇంగ్లండు నుంచి ఓడలెక్కి వెళ్లిన ప్యూరిటన్లనే నిష్ఠాపరులైన క్రైస్తవుల వలస ఊరు. రేవు దగ్గర పట్నం, దానికి కొంత దూరంగా పొలాల మధ్య పల్లె. మన ముచ్చట పల్లెది. ఇప్పుడు దాన్ని డేన్వర్స్ అంటున్నారు.

ఆ పల్లెకి 1689లో శామ్యూల్ పారిస్ అనే పాస్టరు వచ్చాడు. జీతం ఏడాదికి 66 పౌన్లు. అంతా రొక్కమనుకోకు. మూడో వంతే డబ్బు, మిగతాది ధాన్యం, సరుకులు. మన చాకలికీ మంగలికీ కళ్లంలో మేర కొలిచినట్టే. కట్టెలు ఊరివాళ్లే తోలాలని ఆయన, ఆ ఖర్చు జీతంలోనే కలిసిందని వాళ్లు. చిలికి చిలికి గాలివాన అయింది. 1691 అక్టోబరులో ఊరి కమిటీ ఆయన జీతానికి పన్నే వసూలు చెయ్యం పొమ్మంది. అక్కడి చలి నీకు చెప్పక్కర్లేదు. పొయ్యిలోకి పుల్ల లేని ఇంట్లో, సైతాను మన మధ్యే తిరుగుతున్నాడనే ప్రసంగాలు వింటూ, ఆయన తొమ్మిదేళ్ల కూతురు బెట్టీ, పదకొండేళ్ల బంధువుల పిల్ల అబిగెయిల్ కూర్చున్నారు.

1692 జనవరిలో ఆ పిల్లలిద్దరూ మెలికలు తిరిగిపోవడం, అరవడం మొదలుపెట్టారు. వైద్యుడు చూసి ఇది రోగం కాదు, చేతబడి అన్నాడు. పొరుగావిడ ఒకామె ఉపాయం చెప్పింది. పిల్లల మూత్రంతో రై పిండి కలిపి, రొట్టె కాల్చి కుక్కకి పెట్టాలట. మూతి తిప్పకు! దిష్టి తగిలిందని మీ నాయనమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేస్తే, ఘాటు రాలేదని నువ్వే కదా హడలిపోయావు?

ఆ రొట్టె కాల్చింది పాస్టరు ఇంట్లో బానిసలే. వాళ్లలో టిట్యూబా ఒకతె. పాత కాగితాల్లో ఆమెని ఇండియన్ అని రాశారు, అంటే అమెరికా ఖండాల ఆదివాసి అని, మన దేశం మనిషని కాదు. చేతబడి చేసింది వీళ్లేనని పిల్లలు పేర్లు చెప్పగా, ఫిబ్రవరి 29న ముగ్గురిని పట్టుకోమని వారంటు పుట్టింది. టిట్యూబా, మంచంపట్టిన సారా ఆస్‌బర్న్, ఇంటింటికీ అడుక్కు తినే సారా గుడ్. గుడ్‌కి భిక్ష వెయ్యకపోతే గొణుక్కుంటూ వెళ్లేది. తరవాత ఆ ఇంట్లో ఆవు చస్తే గొణుగుడే శాపమైంది.

మా చిన్నతనంలో మన వీధి చివరా ఒక ముసలావిడ ఉండేది. ఒంటరి మనిషి. ఆవిడ ఎదుట పిల్లలకి అన్నం పెట్టకూడదనేవారు. ఒకసారి నా చేతిలో జామకాయ పెట్టబోతే విసిరికొట్టి పరిగెత్తాను. ఆవిడ మొహం ఇప్పటికీ కళ్లముందు మెదిలితే మనసు చివుక్కుమంటుంది. సరే, ఎక్కడున్నాం? టిట్యూబా దగ్గర.

ఆమె ఒప్పేసుకుంది. నల్లబట్టల పొడుగాటి మనిషి వచ్చాడనీ, అతని పుస్తకంలో సంతకాల్లా తొమ్మిది గుర్తులున్నాయనీ చెప్పింది. దొరికింది ముగ్గురాయె, మరి మిగతావాళ్లెవరు? ఇక ఊరంతా వెతుకులాటే. పొలం గట్ల తగాదాలు, పాత కక్షలు అన్నీ పైకి తేలాయి. తిలా పాపం తలా పిడికెడు. నీ రూపం రాత్రి వచ్చి నన్ను గిచ్చిందంటే కోర్టులో అదే సాక్ష్యం. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు. ఒప్పుకుని ఆ మాట మీద నిలబడ్డవాళ్లని ఉరి తియ్యలేదు. అబద్ధం చెప్పనన్నవాళ్లే పోయారు.

రెబెకా నర్స్ సంగతి చెప్పాలి. డెబ్బై ఒక్కేళ్ల మనిషి, వినికిడి తక్కువ. ఆవిడ మంచిదని 39 మంది ఇరుగుపొరుగు సంతకాలు పెట్టారు. జూరీ మొదట నిర్దోషి అంది. నేరం మోపిన పిల్లలు గొల్లుమన్నారు. ఆవిడ అన్న ఒక మాటని పట్టుకుని పెద్ద జడ్జి స్టౌటన్ మళ్లీ ఆలోచించమన్నాడు. జూరీవాళ్లు ఆ మాటకి అర్థమేమిటని అడిగారు. ఆవిడకి వినపడలేదు, బదులు చెప్పలేదు. అంతే, దోషి అన్నారు. జూలై 19న ఉరి తీశారు. మీ నాన్న నన్ను తీసుకెళ్లి చూపించాడు, ఆవిడ ఇల్లు ఇంకా ఉంది. రాత్రివేళ కొడుకులు తల్లి శవాన్ని తెచ్చి ఆ పొలంలోనే పూడ్చారంటారు. నేను అక్కడ నోరు విప్పలేకపోయాను.

ఇక జైలు ఖర్చు. మన అణాల లెక్కలాగే వాళ్లకి పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌను. ఖైదీ తిండికి వారానికి రెండున్నర షిల్లింగులు, ఖైదీయే కట్టుకోవాలి. బోస్టన్ జైలరు లెక్క రాశాడు: సారా గుడ్, సారా ఆస్‌బర్న్‌ల గొలుసులకి 14 షిల్లింగులు, గుడ్ పిల్లకి రెండు దుప్పట్లు, 10 షిల్లింగులు. ఆ గుడ్‌కే నాలుగైదేళ్ల కూతురు, డోరతీ. దాన్నీ మంత్రగత్తె అని నెలల తరబడి సంకెళ్లలో ఉంచారు. గుడ్ చంటిబిడ్డ జైల్లోనే పోయింది. లిడియా డస్టిన్ అనే ముసలావిడని నిర్దోషి అన్నాక కూడా రుసుము కట్టలేదని వదల్లేదు, అక్కడే కన్నుమూసింది.

మొత్తం 19 మందిని ఉరి తీశారు. బదులు పలకనన్న ఎనభై ఏళ్ల జైల్స్ కోరీ మీద రాళ్లు పేర్చి చంపారు. అక్టోబరులో గవర్నరు ఫిప్స్ ఆ కోర్టుని రద్దు చేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు 1711లో 578 పౌన్ల చిల్లర పరిహారం పంచారు.

పారిస్ 1697లో ఊరొదిలాడు. తరవాత వచ్చిన జోసెఫ్ గ్రీన్ పడుచువాడు. చర్చిలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆ రోజుల్లో పరువు లెక్క, మన పెళ్లి పంక్తుల్లాగే. ఆయన నర్స్ వాళ్లనీ, నేరం మోపిన పుట్నాం వాళ్లనీ ఒకే బల్ల మీదికి చేర్చాడు. 1706లో ఆన్ పుట్నాం, పన్నెండేళ్లప్పుడు రెబెకాని వేలెత్తి చూపిన పిల్ల, తన చోట లేచి నిలబడింది. అమ్మా నాన్నా పోయారు, పెళ్లి లేదు, తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ తనే పెంచుతోంది. ఆ నిరపరాధుల నెత్తురులో తనకీ పాలుందని, ముఖ్యంగా రెబెకా, ఆవిడ చెల్లెళ్లిద్దరి విషయంలో తప్పు చేశానని ఆమె చెప్పుకున్న మాటల్ని గ్రీన్ చదువుతూ ఉంటే, నర్స్ వాళ్లు కూర్చుని విన్నారు. చదవడం అయ్యేదాకా ఆమె అలా నిలబడే ఉంది.