సంరక్షణ వివాదాల్లో బాలల స్వరం: నారాయణయ్య దావా నుంచి కుటుంబ న్యాయస్థానాల వరకు

సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వంటి చోట కుటుంబ న్యాయం చదివే విద్యార్థికి బాలల సంరక్షణ విషయంలో తప్పక ఎదురయ్యే శాసనం 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. మైనరు సంరక్షకత్వం కోరే దరఖాస్తును ఆ మైనరు సాధారణంగా నివసించే ప్రాంతపు జిల్లా న్యాయస్థానంలో వేయాలని దాని 9వ సెక్షన్ చెబుతుంది. ఓడరేవు, ఉక్కు కర్మాగారం, నౌకాదళం కొలువుల కోసం దూరప్రాంతాల నుంచి కుటుంబాలు తరలివచ్చిన విశాఖ పరిసరాల్లో ఈ నియమం చిన్నది కాదు. దంపతులు విడిపోయి, తల్లి పుట్టింటికి చేరితే బిడ్డ సాధారణ నివాసం ఏది? ఈ ప్రశ్నకు ఆధారంగా నిలిచిన పాత వ్యాజ్యాల్లో ముఖ్యమైనది ఒక తెలుగు కుటుంబానిది. అది భార్యాభర్తల తగాదా కాదు; తండ్రికీ, పిల్లలను పెంచుతున్న వ్యక్తికీ నడిచిన పోరు. అయినా నేటి వివాదాల్లో బిడ్డకు కలిగే కష్టం అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

మదనపల్లె పిల్లలు, మద్రాసు దావా

జిడ్డు నారాయణయ్య రెవెన్యూ శాఖలో పనిచేసి విశ్రాంతి పొందిన దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. భార్య సంజీవమ్మ 1905లో మరణించింది. 1909లో ఆయన కుమారులతో అడయారుకు చేరాడు. 1895లో మదనపల్లెలో పుట్టిన కృష్ణమూర్తిని, అతని తమ్ముడు నిత్యానందను సమాజ పెద్దలు చేరదీశారు. 1910లో నారాయణయ్య ఆ ఇద్దరి సంరక్షకత్వాన్ని అనీబిసెంటుకు రాసి ఇచ్చాడు. తరువాత లెడ్‌బీటరు సాంగత్యంపై ఆయనకు తీవ్రమైన అభ్యంతరాలు కలిగాయి. 1912లో పిల్లలను తిరిగి అప్పగించాలని చెంగల్పట్టు జిల్లా న్యాయస్థానంలో దావా వేశాడు. అది మద్రాసు హైకోర్టుకు బదిలీ అయింది. తండ్రి పక్షాన సి.పి. రామస్వామి అయ్యరు వాదించగా, బిసెంటు తన వాదన తానే వినిపించింది. 1913లో హైకోర్టు తండ్రికి అనుకూలంగా తీర్పు చెప్పింది.

ఆ సమయంలో బాలురిద్దరూ ఇంగ్లండులో ఉన్నారు. దావా వేసేనాటికి పెద్దవాడికి పదిహేడేళ్లు, చిన్నవాడికి పద్నాలుగు. వారి శీలం, చదువు, సాంగత్యం గురించి మద్రాసులో పెద్దలు బహిరంగంగా వాదించుకున్నారు, పత్రికలు రాశాయి. తల్లి లేని పిల్లలకు అప్పటికే రెండు ఇళ్లు మారాయి. వారిని అడిగినవారు లేరు.

1914లో ప్రీవీ కౌన్సిల్ ఆ తీర్పును తోసిపుచ్చింది. చదువుకై ఇంగ్లండు వెళ్లిన పిల్లలు చెంగల్పట్టు జిల్లాలో సాధారణంగా నివసిస్తున్నట్టు కాదన్నది ఒక కారణం. తండ్రి సంరక్షకత్వం ధర్మకర్తృత్వం వంటిదని, బిడ్డల పెంపకాన్ని మరొకరికి ఒప్పగించినా దాన్ని వెనక్కి తీసుకోవచ్చని, అయితే బిడ్డల క్షేమం దృష్ట్యా న్యాయస్థానం జోక్యం చేసుకోగలదని కూడా ఆ తీర్పు చెప్పింది. పాఠ్యగ్రంథాలు ఈ సూత్రాలనే ఎత్తి చూపుతాయి. కానీ బాలుర ప్రయోజనానికి విచారణలో ప్రాతినిధ్యం లేకపోవడాన్ని ప్రీవీ కౌన్సిల్ లోపంగా గుర్తించిన అంశమే చారిత్రకంగా విలువైనది.

వినడం, ఎంచుకోమనడం

తరువాతి శాసనచరిత్ర ఎక్కువగా తల్లిదండ్రుల హక్కుల తూకంలోనే సాగింది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం తండ్రిని, 'ఆయన తరువాత' తల్లిని సహజ సంరక్షకులుగా పేర్కొంది. ఐదేళ్లలోపు బిడ్డ సాధారణంగా తల్లి వద్ద ఉండాలంది. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు ఆ 'తరువాత'కు 'తండ్రి లేనప్పుడు' అనే విస్తృతార్థం చెప్పింది. అదే 1956 చట్టంలోని 13వ సెక్షన్ బిడ్డ క్షేమమే పరమ ప్రమాణమని ఏనాడో ప్రకటించింది. బిడ్డలు తల్లిదండ్రుల ఆస్తి కారని 1973లో రోజీ జేకబ్ కేసులో సుప్రీంకోర్టు నొక్కిచెప్పింది.

బిడ్డ మాటకు చట్టంలో చోటు లేకపోలేదు. 1890 చట్టపు 17వ సెక్షన్ ప్రకారం, వివేచనతో ఇష్టం చెప్పగల వయసు వస్తే దాన్ని న్యాయస్థానం పరిగణించవచ్చు. చిక్కంతా ఇక్కడే ఉంది. 'ఎవరి దగ్గర ఉంటావు?' అన్న ప్రశ్నకు జవాబిచ్చే బిడ్డ ఒకరిని గెలిపించి, మరొకరిని ఓడించాలి. నారాయణయ్య దావాలో మౌనం బిడ్డలకు అన్యాయమైతే, ఎంపిక భారం మరో విధమైన అన్యాయం. 1992లో భారతదేశం ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం తన అభిప్రాయం చెప్పే హక్కును బిడ్డకిచ్చింది. తీర్పు చెప్పే బాధ్యతను ఇవ్వలేదు.

మనోవిజ్ఞానం ఈ తేడాకు బలమిచ్చింది. బిడ్డకు జరిగే హానిలో విడిపోవడం కన్నా ఎడతెగని సంఘర్షణ పాత్రే ఎక్కువని 1982లో రాబర్ట్ ఎమరీ చేసిన సమీక్ష చూపింది. 2014లో అమెరికా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ 'సామ్సా' మనోగాయ స్పృహతో కూడిన సేవకు నాలుగు లక్షణాలు చెప్పింది: గాయం ప్రభావాన్ని గ్రహించడం, గుర్తులను పసిగట్టడం, దానికి తగినట్టు నడుచుకోవడం, మళ్లీ గాయపరచకపోవడం. చివరిది న్యాయస్థానాలకు సూటిగా వర్తిస్తుంది. ఒకే సంగతిని బిడ్డ చేత న్యాయవాది, కౌన్సెలరు, న్యాయమూర్తి వేర్వేరుగా చెప్పించడం, అప్పగింత వేళ ఆవరణలో బంధువుల కేకలు, కలిసి వచ్చాక 'అక్కడ ఏమన్నారు?' అన్న ఆరాలు, ఒకరి కబురు మరొకరికి బిడ్డతో పంపడం ఇవన్నీ కొత్త గాయాలే. ఎవరు కావాలో అడగకుండా, బడికి ఎవరు దింపుతారు, రాత్రి భయమేస్తే ఎవరిని పిలుస్తావు అని అడిగితే బిడ్డ జీవితం తెలుస్తుంది. ఎంపిక భారం పడదు. నిర్ణయం న్యాయమూర్తిదేనని ముందే చెప్పడం కూడా ఊరటే.

దీనికి చట్టంలో తలుపులు ఉన్నాయి. 1984 కుటుంబ న్యాయస్థానాల చట్టం 6వ సెక్షన్ కౌన్సెలర్లకు, 12వది వైద్య, సంక్షేమ నిపుణుల సహాయానికి, 11వది రహస్య విచారణకు వీలు కల్పించాయి. 2015లో న్యాయ కమిషన్ 257వ నివేదిక ఉమ్మడి సంరక్షణను, మధ్యవర్తిత్వాన్ని సిఫారసు చేసింది. అయితే ఉమ్మడి సంరక్షణ సర్వరోగనివారిణి కాదు. గృహహింస ఉన్నచోట సమాన కాలం పంచడం భయాన్ని పంచడమే. 2017లో వివేక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ప్రస్తావించిన 'తల్లిదండ్రుల వియోగ లక్షణం' కూడా జాగ్రత్తగా వాడవలసిన భావన. హింసకు భయపడి తండ్రిని కలవనంటున్న బిడ్డ నిరాకరణను తల్లి బోధనగా కొట్టిపారేసే ప్రమాదం దానిలో ఉంది. ఈ విషయంపై అంతర్జాతీయంగా తీవ్ర విమర్శలున్నాయి.

భాష కూడా ఆలోచించదగినది. తెలుగు దినపత్రికల్లో నిందితుడికీ బిడ్డకీ ఒకే మాట, 'కస్టడీ'. 'సంరక్షణ' అనే మంచి మాట ఉండగా ఠాణా వాసన వేసే పదం బిడ్డ మీద పడింది. న్యాయ విద్యలోనూ అలాంటి అలవాటే ఒకటి ఉంది. బార్ కౌన్సిల్ 2008 నియమాల ప్రకారం ప్రత్యామ్నాయ వివాద పరిష్కారం, మూట్ కోర్టు అభ్యాసం తప్పనిసరి పాఠ్యాంశాలు. మూట్ కోర్టులో విద్యార్థి ఏదో ఒక పక్షాన నిలిచి గెలవడం నేర్చుకుంటాడు. మధ్యవర్తిత్వ అభ్యాసంలో ఇద్దరు పెద్దలు కూర్చునే బల్ల వద్ద, ఎంపిక కోరకుండా బిడ్డ మాట వినిపించే వ్యక్తికి మూడో కుర్చీ వేయడం సబ్బవరం తరగతి గదిలో కష్టమైన పనేమీ కాదు. 1913లో మద్రాసు హైకోర్టులో ఆ కుర్చీ లేదు.