ఉలి తాకని శిల: యవనుల ఎరోస్ దేవత

యవనుల ప్రేమదేవత అనగానే మన మనస్సులో మెదిలేది రెక్కలతో, చేత ధనుస్సుతో ఉన్న అల్లరి బాలకుని రూపం. రోమనులు క్యూపిడ్ అని పిలిచి లోకమంతటా ప్రసిద్ధం చేసిన రూపమది. ఆ దేవత ప్రాచీన స్వరూపం వేరు.

క్రీ.పూ. 700 ప్రాంతపు హేసియడ్ కవి తన ‘థియోగనీ’ కావ్యంలో సృష్టిక్రమాన్ని చెబుతూ, ప్రప్రథమంగా ఖావోస్ అనే మహాశూన్యం, పిమ్మట భూదేవి గేయా, అధోలోకమైన టార్టరస్, వాటితోపాటు ఎరోస్ ఆవిర్భవించినట్లు వర్ణించాడు. ఎరోస్‌కు తల్లిదండ్రులను చెప్పలేదు. అమరులలో అతడు సుందరతముడు. దేవమానవుల బుద్ధిని వశపరచుకొని అవయవాలను సడలింపజేసే శక్తి. నాసదీయ సూక్తాన్ని అధ్యయనం చేసినవారు ఇక్కడ ఒక క్షణం ఆగుతారు. సృష్ట్యాదిలో మనస్సుకు ప్రథమబీజమైన కామం ఉదయించిందని ఆ సూక్తం కూడ చెబుతున్నది కదా! ఒకరినుండి ఒకరు గ్రహించారని నేననను. సాదృశ్యాన్ని చూపడం వరకే నా అధికారం.

తరువాతి కవులు ఈ ఆదిదేవతను ఆఫ్రొడైటీ పుత్రునిగా చేసి, ధనుర్బాణాలిచ్చి, క్రమంగా పసివానిగా మార్చారు. ప్లేటో మహాశయుడు ‘సింపోజియం’ గ్రంథంలో దియోతిమా అనే విదుషి ముఖాన వేరొక మాట పలికించాడు: ఎరోస్ దేవుడూ కాడు, మర్త్యుడూ కాడు, దారిద్ర్యానికి, ఉపాయానికి జన్మించి, పాదరక్షలు లేక తిరిగే నిత్యాన్వేషి. ఒక దేహసౌందర్యంతో ఆరంభమైన ఆ అన్వేషణ మెట్టుమెట్టుగా నిత్యసౌందర్యాన్ని చేరుతుంది.

తత్త్వవేత్తల చర్చ అలా ఉండగా, ఎరోస్‌ను సర్వదేవతలకంటె మిన్నగా ఆరాధించిన నగరం ఒకటున్నది. అది బీయోషియా ప్రాంతంలోని థెస్పియే. క్రీ.శ. 2వ శతాబ్దపు యాత్రికుడు పౌసానియస్ వ్రాసిన ప్రకారం, అక్కడి అతిప్రాచీన మూర్తి ఉలి తాకని ఒక శిల. కన్నులు లేవు, రెక్కలు లేవు. నిత్యం సాలగ్రామాన్ని అభిషేకించే నాకు ఆ వాక్యం చదివినప్పుడు చేతులు అప్రయత్నంగా ముకుళితమయ్యాయి.

క్రీ.పూ. 4వ శతాబ్దంలో ప్రాక్సిటెలీస్ అనే మహాశిల్పి చలువరాతితో ఎరోస్‌ను మలిచాడు. తన కృతులలో శ్రేష్ఠమైనదానిని ఇస్తానని ఫ్రైనీ అనే వారాంగనకు మాట ఇచ్చి, అది ఏదో మాత్రం చెప్పలేదట. ఆమె ఒక సేవకునిచేత శిల్పశాల తగులబడుతున్నదని చెప్పించింది. సాటిర్, ఎరోస్ విగ్రహాలు కాలిపోతే నా శ్రమ అంతా వ్యర్థమని అతడు ఆక్రోశించాడు. రహస్యం బయటపడగా ఆమె ఎరోస్‌ను కోరి, స్వనగరమైన థెస్పియేకు సమర్పించింది.

అప్పటినుండి ఆ శిల్పమే నగరానికి ఆకర్షణ అయింది. దానిని చూడడానికి తప్ప థెస్పియేకు వెళ్ళే పనే లేదని సిసెరో అన్నాడు. దేవునికంటె శిల్పి పేరు పెద్దదైన చోట అర్చకునికి ఏమి మిగులుతుంది? కలిగులా చక్రవర్తి ఆ విగ్రహాన్ని రోముకు తరలించాడు. క్లాడియస్ తిరిగి పంపాడు. నీరో మరల పట్టుకుపోయాడు. చివరకు అది రోములో అగ్నికి ఆహుతైంది. థెస్పియే వాసులకు మెనొడోరస్ అనే ఏథెన్సు శిల్పి చేసిన ప్రతికృతి దక్కింది.

చక్రవర్తులు కోరినది ఆ చలువరాతి సౌందర్యాన్ని. మోటు శిల మాత్రం పౌసానియస్ నాటికి కూడ థెస్పియేలోనే పూజలందుకొంటున్నది.