సేనానుల మనస్సు – హైదరాబాదు నేర్పిన పాఠము

నేడు పంజాగుట్ట కూడలిలో నిలిచి చూచువారికి పటాన్‌చెరువు, కూకట్‌పల్లి, అమీర్‌పేటల మీదుగా వచ్చు రహదారి వాహనముల ప్రవాహముగ మాత్రమే కానవచ్చును. ఆ బాట పడమట షోలాపూరు వరకు సాగును. 1948లో భారతసేనలలోని ప్రధానభాగము ఆ షోలాపూరు దిక్కునుండియే హైదరాబాదుపైకి వచ్చినది. మరియొక భాగము విజయవాడనుండి మునగాల, సూర్యాపేటల మార్గమున కదలినది. సెప్టెంబరు 13వ తేదీ వేకువను మొదలైన పోరు 17వ తేదీ సాయంకాలమునకు ముగిసెను. మరునాడు నిజాము సేనాధిపతి మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె. ఎన్. చౌధురి యెదుట లొంగిపోయెను. రెండువందల యేండ్లకు పైబడిన అసఫ్‌జాహీ ప్రభుత్వము నిండ అయిదు దినములైన నిలువలేదు.

ఈ కథలో ఓటమి ఆశ్చర్యకరము కాదు. ఎనుబదిరెండువేల చదరపు మైళ్ల సంస్థానము నలువైపుల భారతభూమియే. సముద్రతీరము లేదు, యుద్ధవిమానముల బలము లేదు. సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీనుండి రాత్రివేళల తెచ్చిపోసిన ఆయుధములతో ఈ కొరత తీరునది కాదు. ఈ లెక్క కట్టుటకు యుద్ధశాస్త్రపాండిత్య మక్కరలేదు. అట్లయ్యును రాజ్యమును నడపువారు యుద్ధము ముంగిటికి వచ్చువరకు ఏల పోయిరి? ఈ ప్రశ్నకు సమాధానము తుపాకులలో గాక మనస్సులలో వెదకవలసియున్నది.

ఆంగ్లసైన్యమున కొంతకాలము ఇంజనీరుగ పనిచేసి, పిమ్మట మనస్తత్వశాస్త్రాచార్యుడైన నార్మన్ డిక్సన్ 1976లో సేనానుల అసమర్థతపై ఒక గ్రంథము వెలయించెను. సేనానుల తప్పిదములకు బుద్ధిమాంద్యము కారణము కాదని ఆయన వాదము. తన నమ్మకమునకు విరుద్ధమైన వార్తను త్రోసిపుచ్చుట, ఎదిరిని తక్కువగా నెంచుట, పైవారి మెప్పు పోవునను భయము – ఇవియే మూలములని ఆయన చూపెను. 1942లో సింగపూరును రక్షింపవలసిన జనరల్ పెర్సివల్, ఉత్తరతీరమున రక్షణకట్టడములు నిర్మింపుమని తన ఇంజనీరు అధికారి వేడినను, అట్టివి ప్రజలకు సైనికులకు ధైర్యభంగము కలిగించునని నిరాకరించెను. ఫిబ్రవరి 15న నగరము శత్రువశమయ్యెను. అపాయమును చూడకుండుటయే ధైర్యమని ఆయన భ్రమించెనన్నమాట.

ఇట్టి భ్రమయే హైదరాబాదున మరింత బలముగ నాటుకొనెను. లాతూరున న్యాయవాదిగ నుండిన కాసిం రజ్వీ రజాకారుల నాయకుడై, ఎఱ్ఱకోటపై అసఫ్‌జాహీ పతాక మెగురునని సభలలో చాటెను. ఉత్సాహము కొరకు పలికిన మాట కొన్నాళ్లకు పలికినవానికే నిజమై తోచును. వెనుకకు మరలు దారి మూసివేయును. 1947 అక్టోబరులో ఢిల్లీకి పయనమైన రాయబారుల యిండ్లను అతని జనము ముట్టడించి ప్రయాణమును ఆపివేసినది. ఆ వెనుక ప్రధానమంత్రి ఛత్తారీ నవాబు తొలగగా, పారిశ్రామికుడైన లాయక్ అలీ ఆ పదవి నధిష్ఠించెను. ఐక్యరాజ్యసమితి అడ్డుపడునను ఆశ ఆయనకు మెండు. భద్రతాసమితి పారిస్‌లో ఆ విషయమును చేపట్టినది సెప్టెంబరు 16న. అప్పటికి పోరు నాలుగవ దినమున నున్నది.

ఇక సేనాధిపతి యెద్రూస్. ఆయన మొదటి ప్రపంచయుద్ధము చూచిన అనుభవజ్ఞుడు. తన సేన బలమెంతయో ఎఱుగనివాడు కాడు. తరువాతికాలమున లాయక్ అలీ తన గ్రంథమున నిందను సేనానిపై మోపెను. ఎద్రూస్ తన స్మృతులలో తన పక్షము చెప్పుకొనెను. ఎవరి మాట నిజమైనను ఒక్కటి స్పష్టము: మంత్రికిని సేనానికిని నడుమ నిష్కర్షయైన మాట నిలువలేదు. "ఇంతకు మించి మనకు చేతకాదు" అని తెగేసి చెప్పి, వినకున్న పదవి వదలుట సేనాని ధర్మము. రణరంగమున ప్రాణమును లెక్కచేయనివాడు సైతము కొలువుకూటమున ఒంటరియగుటకు జంకుట చరిత్రలో పలుమార్లు కానవచ్చును.

సత్యము చెప్పినవారు లేకపోలేదు. 1948 ఆగస్టులో కొందరు ముస్లిం ప్రముఖులు భారతదేశమున చేరుటయే మేలని ప్రకటించిరి. ఇమ్రోజ్ పత్రికాసంపాదకుడు షోయబుల్లాఖాన్ అదే మాట వ్రాసెను. ఆ నెలలోనే రాత్రివేళ యింటికి మరలుచుండగా ఆయనను దారుణముగ హత్యచేసిరి. వార్త తెచ్చువానిని చంపిన రాజ్యమునకు పిదప ఏ వార్తయు నిజముగ చేరదు. సభలోనివారందరు ఒక్కమాటగ నుండుటయే బలమని భావించు కూటములు ఎట్లు గ్రుడ్డివగునో అమెరికా శాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ జానిస్ 1972లో వివరించెను. మన నగరము ఆ సత్యమును అంతకు ఇరువదినాలుగేండ్ల పూర్వమే అనుభవించినది.

ఈ అంధత్వమునకు మూల్యము చెల్లించినది నాయకులు కారు. నిజాము 1950లో రాజప్రముఖుడయ్యెను. రజ్వీ 1957 వరకు చెరలో నుండి పాకిస్తానునకు వెడలెను. లాయక్ అలీయు గృహనిర్బంధమునుండి తప్పించుకొని అచటికే చేరెను. కాని ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకారుల తుపాకులకు నేలకొఱగిన రైతులు తిరిగి రాలేదు. సైనికచర్య కాలమునను, ఆ తరువాతను చెలరేగిన హింసలో ఏ పాపమెఱుగని ముస్లిములు వేలకొలది చనిపోయిరి. నెహ్రూ పంపిన పండిత సుందరలాల్ సంఘము ఆ సంఖ్యను 27,000 నుండి 40,000 వరకు అంచనా వేసెను. ఆ నివేదిక 2013 వరకు జనులకు అందుబాటులోనికి రాలేదు. చేదు నిజమును దాచు గుణము ఓడినవారికి మాత్రమే సొంతము కాదని ఇందువలన తెలియును.

పాఠకమహాశయులారా! మనలో పెక్కురము సేనలను నడపువారము కాము. ఐనను ఇంటికో, సంఘమునకో, పాఠశాలకో పెద్దలము. మనకు అప్రియమైన మాట చెప్పువాడు మన సమక్షమున నిర్భయముగ నిలువగలుగుచున్నాడా యని ఎవరికి వారు ప్రశ్నించుకొనవలసియున్నది. 1901లో ఈ నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిన నాటినుండి గ్రంథాలయములు మన ప్రజలకు చేసిన ఉపకారము ఇట్టిదే. ఒకే బల్లపై పరస్పరవిరుద్ధములైన గ్రంథము లుండును. లాయక్ అలీ పుస్తకము ప్రక్కనే ఎద్రూస్ పుస్తకము నుండవచ్చును. రెండును చదివి నిర్ణయించుకొను అలవాటు ఊరిలో పెరిగినచో రజతోత్సవము జరుపుకొనుటకు అంతకు మించిన అర్హత వేరొకటి యుండదు.