రైలు తెచ్చిన ప్రేక్షకులు

దసరా రాత్రి దేవరగట్టు బన్ని ఉత్సవం చూడటానికి ఆలూరు, ఆదోని వైపు నుంచే కాక కర్ణాటక నుంచీ జనం లారీలు, ట్రాక్టర్లు ఎక్కి వస్తారు. ఎద్దుల బండలాగుడు పోటీలకు ఊరి జత బయలుదేరితే దాని వెంట ఊరివాళ్లూ కదులుతారు. అదే కాలేజీ జట్టు పొరుగూరికి ఆడబోతే వెంట వెళ్లేది పీఈటీ సారు ఒక్కరే. అమెరికాలో మాత్రం కాలేజీ ఫుట్‌బాల్ జట్టు పరాయి ఊరికి వెళ్తే వేలమంది వెంట వెళ్తారు. ఈ అలవాటుకు తొలి పెట్టుబడి పెట్టింది ఏ కాలేజీ కాదు, ఒక రైలు కంపెనీ.

న్యూ హాంప్‌షైర్ కొండల్లోకి కొత్తగా పట్టాలు వేసిన బోస్టన్, కాంకర్డ్ అండ్ మాంట్రియల్ కంపెనీకి ప్రయాణికులు కావాల్సి వచ్చింది. దాని అధికారి జేమ్స్ ఎల్కిన్స్, యేల్ పడవ జట్టులోని జేమ్స్ విటన్ అనే విద్యార్థి ముందు ఒక బేరం పెట్టాడు. హార్వర్డ్‌తో చెరువులో పడవ పందెం కుదిర్చితే ఖర్చంతా కంపెనీదే. కుర్రాళ్లకు ఉచితంగా విహారం, కంపెనీకి టికెట్ల డబ్బు. 1852 ఆగస్టు 3న విన్నిపసాకీ సరస్సులో హార్వర్డ్ గెలిచింది. ఆ దేశంలో రెండు కాలేజీలు ఆటలో తలపడటం అదే మొదలు. దాదాపు వెయ్యిమంది చూశారు. అప్పటికి అధ్యక్ష ఎన్నికల బరిలో ఉన్న ఫ్రాంక్లిన్ పియర్స్ కూడా వచ్చాడు. ఇందులో నన్ను పట్టి ఆపేది ఒక్కటే: ముందు ప్రేక్షకుల ప్రయాణాన్ని ఊహించి, తర్వాత దానికోసం పోటీని పుట్టించారు.

ఫుట్‌బాల్ వంతు 17 ఏళ్లకు వచ్చింది. 1869 నవంబరు 6న ప్రిన్స్‌టన్ కుర్రాళ్లు రైలెక్కి రట్గర్స్ కాలేజీ ఉన్న న్యూ బ్రన్స్‌విక్‌కు వచ్చారు. జట్టుకు 25 మంది. యూనిఫారాలు లేవు కాబట్టి రట్గర్స్ వాళ్లు గుర్తు కోసం తలకు ఎర్ర గుడ్డ చుట్టుకున్నారు. మన రుమాలు లాగానే. చూసినవాళ్లు వందమంది ఉంటారేమో, కొందరు చెక్క కంచె మీద కూర్చున్నారు. రట్గర్స్ 6-4తో గెలిచింది. ఆ ఎరుపే నేటికీ ఆ కాలేజీ రంగు.

పెద్దలందరికీ ఇది నచ్చలేదు. 1873లో మిషిగన్‌తో ఆడటానికి కార్నెల్ జట్టు క్లీవ్‌లాండ్ వెళ్తామంటే, గాలి నింపిన సంచి కోసం ముప్ఫైమందిని అంత దూరం పంపనని కాలేజీ అధ్యక్షుడు ఆండ్రూ వైట్ తేల్చేశాడు. ఆయన ఆపినా మిగతా కాలేజీలు ఆగలేదు. 1875లో న్యూ హేవెన్‌లో హార్వర్డ్, యేల్ తొలిసారి ఫుట్‌బాల్ ఆడినప్పుడు సుమారు 2,000 మంది వచ్చారు. 1914లో అదే ఊళ్లో యేల్ బౌల్ స్టేడియం తెరిచిన రోజున దాదాపు 70,000 మంది. పడవ పందేలకైతే న్యూ లండన్‌లో నది గట్టు వెంట పట్టాలపై, బల్లలు అమర్చిన బోగీలు పడవలతో పాటే కదిలేవి. రైలే ప్రేక్షకుల గ్యాలరీ అయిందన్నమాట! ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఆవిష్కరణ ఇదే.

ఇప్పుడు కార్లదే రాజ్యం. 1927లో తెరిచిన మిషిగన్ స్టేడియంలో 1,07,601 సీట్లున్నాయి. ఆదోని పట్టణంలో సగానికి మించిన జనం అందులో కూర్చోవచ్చు. పై చదువులకు అక్కడికి వెళ్లిన మన పిల్లలూ నీలం, పసుపు చొక్కాలు వేసుకుని ఆ వరసల్లో కలుస్తున్నారు.

మన వైపుకు వస్తే, కర్నూలు జిల్లా తుగ్గలికీ రైలు స్టేషన్ ఉంది. గుంతకల్లు, డోన్‌ల మధ్య ఆ దారిలో ప్యాసింజర్లు తిరుగుతూనే ఉన్నాయి. కర్నూలులోనో అనంతపురంలోనో కాలేజీల ఫైనల్ జరిగే రోజున విద్యార్థుల కోసం రెండు బోగీలు అదనంగా తగిలిస్తే, జట్టు వెంట ఆ కాలేజీ పిల్లలూ వెళ్తారు. ఎల్కిన్స్ లెక్కలో చూసినా రైల్వేకు అది నష్టపు బేరం కాదు.