నిద్ర లెక్కతో మొదలయ్యే శిక్షణ: బైపోలార్ రుగ్మతలో భావోద్వేగ నైపుణ్యాలు, తుక్కుగూడ సందర్భం

సారాంశం

బైపోలార్ రుగ్మత ఉన్నవారికి మందులతో పాటు నేర్పే మానసిక నైపుణ్యాలు ఏం చేయగలవు, ఏం చేయలేవు అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రాత్రింబవళ్లు పని నడిచే తుక్కుగూడ–శంషాబాద్ ప్రాంతంలో ఈ శిక్షణ నిద్రతో మొదలవ్వాలని ప్రతిపాదిస్తుంది.

పూర్వరంగం

1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ మేనియాపై, అంటే హద్దుమీరిన ఉత్సాహ దశపై, లిథియం ప్రభావాన్ని ప్రకటించాడు. అప్పటి నుంచి ఈ జబ్బుకు మందులే ప్రధాన చికిత్స. కానీ మందులు క్రమంగా వేసుకుంటున్నవారిని కూడా పట్టలేని కోపం, తొందరపాటు, చావు ఆలోచనలు వేధించవచ్చు. డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, వాడుకలో డీబీటీ, పనికొచ్చేది ఇక్కడే. పదేపదే ఆత్మహత్యకు ప్రయత్నించేవారి కోసం మార్షా లినహాన్ దీన్ని అమెరికాలో రూపొందించింది. 1993లో శిక్షణ గ్రంథం వెలువడింది. ఇందులో నాలుగు భాగాలు: మనసును గమనించుకోవడం, బాధను తట్టుకోవడం, భావోద్వేగాన్ని అదుపులో పెట్టుకోవడం, నలుగురితో మసలుకోవడం.

ఆధారాలు

2005లో పిట్స్‌బర్గ్‌లో ఎలెన్ ఫ్రాంక్ బృందం 175 మందిపై చేసిన అధ్యయనం దినచర్య విలువను చూపింది. జబ్బు తీవ్రంగా ఉన్న దశలోనే నిద్ర, తిండి, పని వేళలను క్రమబద్ధం చేసే చికిత్స అందుకున్నవారికి, మళ్లీ తిరగబెట్టడానికి ఎక్కువ కాలం పట్టింది. 2013లో కెనడాలో 26 మంది పెద్దవారికి 12 వారాల డీబీటీ తరగతులు నడిపిన చిన్న అధ్యయనం ఆశాజనకంగా తేలింది. అన్నిటికన్నా ఆలోచింపజేసేది టీనా గోల్డ్‌స్టీన్ బృందం 2023లో ప్రచురించిన అధ్యయనం. అందులో 12 నుంచి 18 ఏళ్ల వయసువారు 100 మంది. మనఃస్థితి లక్షణాలు డీబీటీ వర్గంలోనూ, మామూలు కౌన్సెలింగ్ వర్గంలోనూ ఒకేలా తగ్గాయి. ఆత్మహత్యాయత్నాలు మాత్రం డీబీటీ వర్గంలో బాగా తగ్గాయి. అంటే నైపుణ్యాలు ఎపిసోడ్‌ను, అంటే మేనియా లేదా డిప్రెషన్ దశను, ఆపుతాయని చెప్పలేం. ఎపిసోడ్‌లో మనిషి తనకు తాను చేసుకునే హానిని తగ్గించగలవని చెప్పవచ్చు. మందుల బదులు వీటిని సూచించకూడదనడానికీ ఇదే కారణం.

ప్రాంతం

శ్రీశైలం రహదారి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డును దాటే చోట ఉంది తుక్కుగూడ. 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక కార్గో, క్యాటరింగ్, సెక్యూరిటీ, క్యాబ్ పనులు, ఫ్యాబ్ సిటీ పరిశ్రమలు ఈ చుట్టుపక్కల జీవన వేళలనే మార్చాయి. నిద్ర తగ్గడం మేనియాను రేపే ప్రధాన మార్గమని పరిశోధకుడు థామస్ వేర్ 1987లోనే వాదించాడు. ఈ వారం పగలు, వచ్చే వారం నైట్ డ్యూటీ అంటే ఈ జబ్బు ఉన్నవారికి అది ఉత్త అలసటతో పోయేది కాదు.

అన్వయం

డీబీటీలో రోజూ తన స్థితిని రాసుకునే డైరీ కార్డును ఇక్కడికి తగినట్టు మార్చుకోవచ్చు. రోజుకో వరుస: ఏ షిఫ్టు, ఎన్ని గంటల నిద్ర, మందు వేసుకున్నామా, మనఃస్థితి మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా ఎక్కడుంది. మూడు గంటలే పడుకుని ఒళ్లు నొప్పులంటే అది నిద్రలేమి. అదే మూడు గంటలు పడుకుని ‘మస్తు హుషారుగుంది’ అని వరుసగా రెండు రోజులు రాస్తే అది హెచ్చరిక, డాక్టరుకు ఫోన్ చేయాలి.

భావోద్వేగం లాగే దిక్కుకు ఎదురు నడవడం డీబీటీలో ఒక నైపుణ్యం. డిప్రెషన్‌లో దాని అర్థం మంచం దిగి బయటికి వెళ్లడం. ఉత్సాహం పెరుగుతున్నప్పుడు అదే నైపుణ్యానికి అర్థం లైట్లు తగ్గించి ఇంటిపట్టున ఉండటం. ఏ దిక్కున ఉన్నామో తేల్చుకోకుండా ‘చురుగ్గా ఉండండి’ అని నేర్పితే ప్రమాదం.

బైపోలార్ రుగ్మతకు అన్వయించిన కాగ్నిటివ్ థెరపీలో పెద్ద నిర్ణయానికి ముందు 48 గంటలు ఆగి, నమ్మకస్తులు ఇద్దరిని అడగాలన్న నియమం ఉంది. రియల్ ఎస్టేట్ వెంచర్ బోర్డులు వరుసకట్టిన ఈ దారిలో దాన్ని ఇలా చెప్పవచ్చు: ప్లాటుకు బయానా ఇచ్చే ముందు రెండు రాత్రులు నిద్రపోవాలి, ఇంట్లో ఒకరిని, బయట ఒకరిని అడగాలి. ఇవన్నీ మనసు కుదుటగా ఉన్నప్పుడే నేర్పాలి. మేనియా ముదిరాక తనకు జబ్బుందన్న ఎరుకే తగ్గుతుంది.

నేర్పేదెవరు?

2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం బైపోలార్ రుగ్మత ఉన్నవారిలో సుమారు 70 శాతానికి చికిత్స అందడం లేదు. సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో తెలుగు రాష్ట్రాలు లేవు. పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తలు మొబైల్ పరికరాలతో డిప్రెషన్, ఆందోళన ఉన్నవారిని గుర్తించి వైద్యులకు చూపించిన ప్రయోగం ఒక దారి చూపింది. బైపోలార్ రుగ్మతకు అదే పద్ధతి యథాతథంగా సరిపోదు. డైరీ కార్డును ఆశా కార్యకర్త చూడవచ్చు. శిక్షణ సైకాలజిస్టు ఇవ్వాలి, మందులు సైకియాట్రిస్టు రాయాలి. అత్యవసర మాటసాయానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 తెలుగులోనూ పలుకుతుంది.

పరిమితులు, ముగింపు

పైన చెప్పిన మూడు చికిత్సా అధ్యయనాలూ ఉత్తర అమెరికావి. గోల్డ్‌స్టీన్ ఫలితాలు కౌమారులవి. షిఫ్టు కార్మికులకు వాటిని నేరుగా అంటగట్టలేం. ఇక్కడ శిక్షణ మొదలుపెడితే ఎపిసోడ్ల సంఖ్యతో పాటు ఆత్మహత్యాయత్నాలు, నిద్ర క్రమం, అప్పులు కూడా కొలవాలి. స్థిరమైన షిఫ్టును వైద్యుడు మందుచీటీ మీదే సూచించాలి, యాజమాన్యం దాన్ని మన్నించాలి. డ్యూటీ చార్టును అలాగే ఉంచి నైపుణ్యాలు మాత్రమే నేర్పితే, జబ్బు భారాన్ని మొత్తం మనిషి మీదికే నెట్టినట్టవుతుంది.