గురి చూపే సాలెపోగు

వేటతుపాకి మీద అమర్చిన దూరదర్శినిలోనికి చూస్తే రెండు సన్నని గీతలు అడ్డంగా, నిలువుగా ఒకదానినొకటి ఖండించుకొంటూ కనిపిస్తాయి. ఈ గీతల అమరికకు రెటికిల్ అని పేరు. ‘చిన్న వల’ అనే అర్థం గల లాటిన్ మాట నుండి ఈ పేరు వచ్చింది. చూపులకు ఇది అల్పమైన వస్తువే. కాని గీత ఎంత లావుండాలి, గొట్టంలో ఎక్కడ ఉండాలి అన్న రెండు ప్రశ్నలు ఖగోళజ్ఞులను, వేటగాండ్రను కూడా చాలాకాలం ఆలోచింపజేశాయి.

గెలీలియో దూరదర్శినిలో కంటి వైపున ఉన్నది పుటాకార కటకం. అందులో గొట్టం లోపల నిజప్రతిబింబం ఏర్పడదు. కంటి వైపున కూడా కుంభాకార కటకమే ఉంచవచ్చునని కెప్లర్ 1611లో సూచించాడు. అప్పుడు గొట్టంలోనే ఒక నిజప్రతిబింబం ఏర్పడుతుంది. 1640 ప్రాంతంలో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో విలియం గాస్కాయిన్ అనే యువకుని పరికరంలో ఒక సాలెపురుగు పోగు లాగింది. ఆ పోగు సరిగా ప్రతిబింబం ఏర్పడేచోట ఉండటంచేత దృశ్యంతోపాటు అదికూడా స్పష్టంగా కనిపించింది. దానిని గురిగీతగా వాడవచ్చునని అతడు గ్రహించాడు. రాత్రి చీకటిలో గీత కనిపించకపోతే అది కనిపించేటంత వెలుగుపడేటట్లు లాంతరు పెట్టవచ్చునని కూడా వ్రాశాడు. నేడు బాటరీతో వెలిగే రెటికిళ్లకు మూలమైన ఆలోచన ఇదే. గాస్కాయిన్ 1644లో మార్‌స్టన్ మూర్ యుద్ధంలో మరణించాడు.

పోగు ప్రతిబింబతలంలోనే ఎందుకుండాలి? ముందుకో వెనుకకో జరిగితే, కన్ను కదిలినప్పుడల్లా గీత లక్ష్యం మీద అటూ ఇటూ జరిగినట్లు కనిపిస్తుంది. దీనిని పారలాక్స్ దోషం అంటారు. రెండూ ఒకే తలంలో ఉంటే కన్ను కదిలినా గురి కదలదు.

అయినా ఈ పద్ధతిని అందరూ వెంటనే అంగీకరించలేదు. డాన్‌జిగ్ నగరపు ఖగోళజ్ఞుడు హెవీలియస్ నక్షత్రస్థానాలను కొలవటానికి వట్టి కంటినే నమ్మాడు. 1674లో హుక్ ఆయనను తీవ్రంగా విమర్శించాడు. 1679లో హాలీ డాన్‌జిగ్ వెళ్లి చూచి, హెవీలియస్ కొలతలు మెచ్చదగినంత నిర్దుష్టంగా ఉన్నవని చెప్పాడు. కాని సుమారు ఒక నిమిషంకంటె చిన్న కోణాన్ని వట్టి కన్ను విడదీసి చూడలేదు. డిగ్రీలో 60వ వంతయిన ఈ నిమిషాన్నే మన జ్యోతిశ్శాస్త్రం ‘కళ’ అంటుంది. ఆ హద్దును దాటించినది గీతలుగల దూరదర్శినియే.

అమెరికాలో డేవిడ్ రిటెన్‌హౌస్ 1785 ప్రాంతంలో తన పరికరాలకు సాలెపోగులనే వాడాడు. 1861–65 అంతర్యుద్ధం నాటికి గీతలుగల దూరదర్శినులు అక్కడి తుపాకులమీదికి వచ్చాయి. 1935లో .220 స్విఫ్ట్ వంటి అతివేగపు తూటాలు రావటంతో దూరంనుండి చిన్న జంతువులను కొట్టే వేట పెరిగింది. పచ్చికబయళ్లలో బొరియలు త్రవ్వే ప్రేరీకుక్కలు ఇందులో ముఖ్యమైనవి. పేరులో కుక్క ఉన్నా ఇవి ఉడుత కుటుంబానికి చెందినవి. ఇవి గడ్డి తినివేస్తాయని పశువుల పెంపకందార్లు వీటిని శత్రువులుగా చూస్తారు.

ఇక్కడ చిన్న లెక్క చేయండి. 300 మీటర్ల దూరాన ఒక నిమిషపు కోణం 8.7 సెంటీమీటర్లకు సమానం. ఒక నిమిషం మందంగల గీత, బెత్తెడుకు కొంచెం మించిన జంతువును దాదాపు కప్పివేస్తుంది. లక్ష్యమే కనిపించనప్పుడు గురి ఎక్కడ? గురి తప్పితే జంతువు చావక గాయంతో బాధపడుతుంది. నిమిషంలో 8వ వంతు గీత 1.1 సెంటీమీటరు మాత్రమే కప్పుతుంది. కాని మరీ సన్ననిది మసక వెలుతురులో కనిపించదు. ఈ చిక్కు తీర్చటానికే 1962లో ల్యూపోల్డ్ సంస్థ అంచులలో లావుగా, నడుమ సన్నగా ఉండే గీతలను ప్రవేశపెట్టింది.

గీత ఉండే చోటుకూడా ముఖ్యమే. నేటి వేట దూరదర్శినిలో రెండు ప్రతిబింబతలాలుంటాయి. తలక్రిందుల ప్రతిబింబం మొదటిది. దానిని సరిచేసిన ప్రతిబింబం రెండవది. పెద్దదిగా చూపే శక్తిని మార్చగల దూరదర్శినులలో, గీత మొదటి తలంలో ఉంటే ఆ శక్తితోపాటు గీతకూడా లావెక్కుతుంది. దాని మీది కొలత గుర్తులు ఎప్పుడూ నిజమే చెబుతాయి. రెండవ తలంలో ఉంటే గీత లావు మారదు, దృశ్యం పెరిగేకొద్దీ లక్ష్యంలో తక్కువ భాగాన్ని కప్పుతుంది. కాని గుర్తులు ఒక్క శక్తివద్దనే సరిపోతాయి.

గుర్తులెందుకు? తూటా 300 మీటర్లు పోవటానికి సెకనులో 3వ వంతు పట్టిందనుకొందాం. గురుత్వ త్వరణంలో సగాన్ని కాలవర్గంచేత గుణిస్తే, తుపాకిగొట్టపు సూటి నుండి అది సుమారు 54 సెంటీమీటర్లు దిగినట్లు తేలుతుంది. తుపాకిని సరిచేసిన దూరంకంటె లక్ష్యం ఇంకా దూరమైతే, ఎంత ఎత్తుకు గురిపెట్టాలో గుర్తులు చెబుతాయి.

కనుక దూరాన్నిబట్టి గుర్తులతోనే గురి మార్చేవారికి మొదటి తలం మేలు. ఎప్పుడూ అత్యధిక శక్తితోనే చూచే ప్రేరీ వేటగానికి రెండవ తలంలోని సన్నని గీత మేలు. గాస్కాయిన్‌కు సాలెపురుగు చూపిన పోగులో రెండు గుణాలున్నవి: తాను కనిపించాలి, లక్ష్యాన్ని కప్పరాదు. మంచి రెటికిల్‌కు నేటికీ ఇదే పరీక్ష.